కోడిపిల్లలు ఇంటికి తెస్తున్నారా? ముందు వాటికి తల్లి ఎవరో తేల్చుకోండి



ఇంటికి కోడిపిల్లలు తెచ్చుకోవడం మంచి పని. పిల్లలకి గుడ్డు, పొలానికి ఎరువు, ఇంట్లో మిగిలిన అన్నానికి ఒక దారి. ఇందులో నాకు రెండో మాట లేదు. కానీ ఈ మధ్య మన ప్రకృతి వ్యవసాయం వాళ్లలోనే ఒక మాట ఎక్కువగా వింటున్నాను. "మేం అంతా సహజంగా చేస్తాం అన్నా, బల్బులు, టీకాలు మాకొద్దు, వాటి మానాన అవే పెరుగుతాయి" అంటున్నారు. ఈ మాటతో నాకు పేచీ ఉంది. దాని గురించే ఈ రాత.

నా సంగతి ముందే చెప్పేస్తా. నేను అగ్రికల్చర్ డిప్లొమా చదివాను. మాది పల్నాడు. ప్రకృతి పద్ధతిలో కూరగాయలు వేస్తూనే, రోజు వయసు కోడిపిల్లల్ని తెచ్చి ఐదారు వారాలు సాకి ఇళ్లకి అమ్ముతాను. అంటే పిల్లల్ని అమ్మితేనే నాకు డబ్బులు. అయినా అందరూ తెచ్చుకోండి అని నేను చెప్పను. కొందరు తెచ్చుకోకపోవడమే మంచిది. ఎవరు, ఎందుకు అనేది చదివాక మీరే చెప్పండి.

వాటి మానాన అవి ఎప్పుడూ పెరగలేదు

"మా చిన్నప్పుడు ఈ బల్బులేం లేవు, కోళ్లు పెరగలేదా?" అని అడుగుతారు. పెరిగాయి. ఎందుకంటే వాటికి తల్లి ఉంది.

నాటు కోడి 21 రోజులు గుడ్ల మీద కూర్చుంటుంది. మేతకి లేచినా గబగబా నాలుగు గింజలు తిని మళ్లీ వచ్చి కూర్చుంటుంది. పిల్లలు లేచాక వాటికి ఏం తినాలో నేల గీకి చూపిస్తుంది. గద్ద నీడ పడితే ఒక్క అరుపు అరుస్తుంది, పిల్లలన్నీ రెక్కల కిందికి దూరిపోతాయి. కోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీల సెంటీగ్రేడు. ఆ రెక్కల కింద పిల్లకి ఇరవై నాలుగు గంటలూ వెచ్చదనం అందుతుంది. మనకి పెరట్లో తల్లి వెనక పరిగెత్తే పిల్లలే కనపడతాయి, తల్లి చేసే చాకిరీ కనపడదు. అందుకే వాటంతట అవే పెరిగాయి అనుకుంటాం.

హేచరీ నుంచి వచ్చిన పిల్ల సంగతి వేరు. అది మిషన్‌లో పుట్టింది, అట్టపెట్టెలో ప్రయాణం చేసింది, తల్లి మొహం చూడలేదు. దాని ఒంటి మీద ఉన్నది నూగు. ఈకలు ఇంకా రాలేదు. మొదటి రెండు వారాలు తన ఒంటి వేడిని తాను నిలబెట్టుకునే శక్తి దానికి ఉండదు. పుట్టేటప్పుడు కడుపులోకి తీసుకున్న పచ్చసొన మీద రెండు మూడు రోజులు బతకగలదు కాబట్టి హైదరాబాద్ నుంచి మన ఊరిదాకా రాగలుగుతోంది. ఇక్కడికి వచ్చాక దాని బతుకు మన చేతుల్లోనే ఉంది.

ఇంకో సంగతి. పెరటి పెంపకానికని రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ వాళ్లు తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ లాంటి రకాలు మామూలుగా పొదుగుకి కూర్చోవు. వాటికి ఆ గుణం తగ్గించారు కాబట్టే గుడ్లు ఎక్కువ పెడతాయి. మొదటి ఐదారు వారాలు నర్సరీలో పెంచి ఆ తర్వాతే పెరట్లోకి వదలాలని వాటికి చెప్పే పద్ధతి కూడా అందుకే. ఆ పక్షిని తెచ్చుకుని "సహజంగా వదిలేశాం" అంటే అది ప్రకృతి వ్యవసాయం కాదండి, నిర్లక్ష్యం.

పోయిన చలికాలం ఒకాయన ఫోన్ చేశారు. వేరే చోట నుంచి ఇరవై పిల్లలు తెచ్చారట. పొద్దున్నే చూస్తే పదకొండు మిగిలాయట. "ఏం జబ్బు అన్నా, ఏం మందు వెయ్యాలి?" అని అడిగారు. చచ్చినవి ఎక్కడున్నాయి అంటే అన్నీ ఒక మూల కుప్పగా ఉన్నాయి అన్నారు. బల్బు పెట్టారా అంటే పెట్టాం అన్నారు. ఏం బల్బు అంటే ఎల్ఈడీ. దాని వెలుగు బాగానే ఉంటుంది, వెచ్చదనమే రాదు. చలికి పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కింద ఉన్నవి ఊపిరాడక పోయాయి. జబ్బూ లేదు, మందూ లేదు. తల్లి రెక్క లేకపోవడమే అక్కడ జరిగింది.

నిజంగా సహజంగానే చేయాలంటే

దానికి దారి ఉంది. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో పొదుగు మీద కూర్చున్న నాటు కోడి ఉంటే, రోజు వయసు పిల్లల్ని రాత్రి చీకట్లో మెల్లగా దాని కింద పెట్టొచ్చు. అది కూర్చుని రెండు మూడు వారాలు అయ్యుండాలి, పిల్లలు ఒకటి రెండు రోజులవే అయ్యుండాలి. తెల్లారి కోడి ఒప్పుకుందా, పొడుస్తోందా అని దగ్గరుండి చూడాలి. ఒప్పుకుందంటే మీ పని సగం తగ్గినట్టే. పది పన్నెండు పిల్లలకి మించి దాని కింద పట్టవు. ఇది మన నాయనమ్మలకి తెలిసిన పనే.

అలాంటి కోడి లేదా? అప్పుడు బల్బు పెట్టాల్సిందే. బల్బు ఇక్కడ రెక్కకి బదులు, అంతే. దాన్ని కృత్రిమం అనుకోవద్దు.

పిల్లలు రాకముందే గూడు వెచ్చబడాలి

చాలామంది పిల్లల పెట్టె చేతిలో పట్టుకుని ఊకకి వెతుకుతారు. నా అభిప్రాయంలో ముందు రోజు సాయంత్రానికే చోటు సిద్ధం చేయనివాళ్లు ఆ పెట్టె తెచ్చుకోకూడదు. ఎలా పెట్టాలో వీడియోలో చూపించాను, ఇక్కడ ముఖ్యమైనవి రాస్తున్నా.

గాలి నేరుగా కొట్టని, తడి లేని చోటు చూడండి. వసారాలో ఒక పక్క, లేదా వాడని గది. వంటగది మాత్రం వద్దు. రెండు మూడు అంగుళాల మందాన వరి ఊక పరిచి, మొదటి రెండు మూడు రోజులు దాని మీద పేపరు వేయండి. లేకపోతే మేతకి, ఊకకి తేడా తెలియక ఊక తినేస్తాయి. పేపరు జారుడుగా ఉంటే కాళ్లు ఇరుపక్కలా చీలిపోతాయి, కాబట్టి నున్నటిది వద్దు.

చుట్టూ అడుగున్నర ఎత్తు అట్టతో గుండ్రంగా దడి కట్టండి. గుండ్రంగానే ఎందుకంటే, మూలలు ఉంటే పిల్లలు అక్కడే కుప్పపడతాయి.

వెలిగితే వేడెక్కే పాతకాలం బల్బు కావాలి. పిల్లకి రెండు వాట్లు లెక్క వేసుకోండి. ఇరవై, ముప్పై పిల్లలకి 60 వాట్ల బల్బు సరిపోతుంది, బాగా చలి ఉంటే ఇంకొకటి. పిల్లలు రావడానికి నాలుగైదు గంటల ముందే వెలిగిస్తే ఊక కూడా వెచ్చబడుతుంది. ఇంకో జాగ్రత్త, బల్బుని కరెంటు వైరు మీదే వేలాడదీయకండి. ఇనప తీగతో గట్టిగా కట్టండి. ఊక మీద పడితే ఇల్లు అంటుకుంటుంది.

మొదటి వారం పిల్లల ఎత్తులో 35 డిగ్రీలు ఉండాలి. ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటరు లేదా? పిల్లల్ని చూడండి, అవే చెప్తాయి. బల్బు కింద గుంపుగా చేరి కీచుకీచుమంటుంటే చలి. దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువ. అన్నీ ఒకే పక్కకి చేరితే ఎదుటి పక్క నుంచి గాలి తగులుతోంది. చల్లగా పరుచుకుని కొన్ని తింటూ, కొన్ని పడుకుని ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టు. ఏ యాప్ కూడా ఇంత బాగా చెప్పదు.

మే నెలలో మా పల్నాడు ఎండకి పగలు బల్బే అక్కర్లేదు. అప్పుడు చలి కాదు, వడదెబ్బ చంపుతుంది. తడి గోనెపట్టాలు కట్టి గది చల్లబరచాలి, రాత్రికి మాత్రం ఒకసారి చూసుకోవాలి. కరెంటు పోతే మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టకండి. ఆ గాలి పిల్లలకీ ప్రమాదం, మనుషులకీ ప్రమాదం. వేడి నీళ్ల సీసాలకి గుడ్డ చుట్టి దడి లోపల పెట్టండి, చాలు.

మొదట నీళ్లు, తర్వాతే మేత

ప్రయాణం చేసి వచ్చిన పిల్లకి మొదట కావాల్సింది నీళ్లు. కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్లలో కొంచెం బెల్లం కలిపి మొదటి కొన్ని గంటలు పెట్టండి. ఒక్కో పిల్ల ముక్కుని ఒక్కసారి నీళ్లలో ముంచి వదలండి. తల్లి నేర్పే పని అది, ఇప్పుడు మీరు నేర్పాలి. పళ్లెంలో గులకరాళ్లు వేయండి, లేకపోతే అందులోనే పడి తడిసి పోతాయి.

గంటా రెండు గంటల తర్వాత మొక్కజొన్న రవ్వ పేపరు మీద చల్లండి. మర్నాటి నుంచి స్టార్టర్ దాణా. "నూకలు వేస్తాం కదా" అంటారు. నూకలు వేయండి, కానీ నూకలతోనే పెంచొద్దు. ఈ వయసులో మేతలో సుమారు 20 శాతం మాంసకృత్తులు ఉండాలి, నూకల్లో అంత లేదు. తల్లి కోడి అయితే చెదలు, పురుగులు ఏరి పెడుతుంది. దాణా కొనడం తగ్గించుకోవాలంటే రెండు మూడు వారాల తర్వాత మునగాకు, అజొల్లా, చెదలు అలవాటు చేయండి. కుండలో పేడ, తడి గడ్డి పెట్టి చెదలు ఉన్న చోట బోర్లిస్తే అవే వచ్చి చేరతాయి. మన పద్ధతి బలం అక్కడ చూపిద్దాం.

టీకా విషం కాదు

ఇక అసలు పేచీ ఇక్కడ. పురుగుమందులు వదిలేశాం కాబట్టి టీకాలు కూడా వదిలేయాలి అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. రెండూ ఒకటి కాదండి. టీకా వేస్తే పక్షి ఒంట్లో ఉన్న శక్తే జబ్బుని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. మాంసంలో, గుడ్డులో మందు అవశేషం మిగలడం అనే సమస్య యాంటీబయాటిక్‌తో వస్తుంది.

మనం కాదు అనాల్సింది ఆ యాంటీబయాటిక్‌ని. జబ్బు లేకపోయినా "ముందు జాగ్రత్త" అని మొదటి రోజు నుంచే నీళ్లలో పొడి కలిపే అలవాటు ఇళ్లలోకి కూడా వచ్చేసింది. దాన్ని నేను ఒప్పుకోను. డాక్టరు చూసి చెప్తే తప్ప అది పెట్టకూడదు. మన పోరాటం దాని మీద ఉండాలి, టీకా మీద కాదు.

కొక్కెర తెగులు, అదే రాణిఖేత్, ఒక ఇంట్లో మొదలైతే ఊళ్లో గంపలన్నీ ఖాళీ చేసి పోతుంది. వచ్చాక దానికి మందు లేదు. పసుపు నీళ్లు, వేపాకు ఇస్తే ఆగుతుంది అని వీడియోల్లో చెప్తున్నారు. పసుపు మంచిదే, వేపాకు మంచిదే, కొక్కెరని మాత్రం అవి ఆపవు. "మా చిన్నప్పుడు టీకాలు లేవు" అనేవాళ్లు ఇంట్లో పెద్దవాళ్లని ఒక్కసారి అడగండి. కొక్కెర వచ్చిన ఏడు ఎన్ని కోళ్లు మిగిలాయో వాళ్లే చెప్తారు. బతికిన కోళ్లే మనకి గుర్తుంటాయి.

మామూలుగా వేసే వరుస ఇది. పుట్టిన రోజే హేచరీలో మారెక్స్ టీకా వేసి పంపాలి, కొనేటప్పుడు అడగండి. 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా, కంట్లో గానీ ముక్కులో గానీ ఒక చుక్క. 14వ రోజు దగ్గర గంబోరో. నాలుగో వారంలో లసోటా మళ్లీ. ఆరో వారంలో మశూచి టీకా. ఎనిమిదో వారంలో ఆర్2బి. మీ ప్రాంతంలో ఏది ఎప్పుడు అనేది దగ్గర్లోని పశువైద్యశాలలో ఒకసారి అడిగి రాసుకోండి.

పది పిల్లలకి టీకా అంటే ఒక చిక్కు ఉంది. సీసా వంద డోసులకో అంతకన్నా ఎక్కువకో వస్తుంది. ఒకసారి కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి, మిగిలింది పారబోయాలి. ఫ్లాస్కులో ఐసు పెట్టి తెచ్చుకోవాలి. అందుకే వీధిలో ఏడెనిమిది ఇళ్లు కలిసి ఒకే వారంలో పిల్లల్ని తెచ్చుకోండి, ఒకే రోజు టీకా వేయించండి. ఖర్చు తలా కొంచెం పడుతుంది, ఊరంతటికీ కాపు ఉంటుంది.

జీవామృతం చేసేటప్పుడు మనం ఎంత నిష్ఠగా ఉంటాం? 200 లీటర్ల నీళ్లకి 10 కిలోల పేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి అని లెక్క తప్పం. నీడన పెట్టి పూటపూటా కలుపుతాం. సూక్ష్మజీవులకి ఇచ్చిన శ్రద్ధ కళ్లెదుట కీచుమనే పిల్లకి ఇవ్వలేమా?

ఇంట్లో వాళ్లని అడిగారా?

నేను గమనించింది చెప్తా, ఎవరూ ఏమనుకోవద్దు. పిల్లల్ని తెచ్చేది ఇంటాయన. ఫోటో తీసి స్టేటస్ పెట్టేది ఇంటాయన. రాత్రి రెండింటికి లేచి బల్బు చూసేది, తడిసిన ఊక మార్చేది, నీళ్ల పళ్లెం కడిగేది మాత్రం ఇంటావిడ. ఆమెని ఒక్క మాట అడగకుండా పెట్టె ఇంట్లో దించుతారు. ఇది నాకు నచ్చదు. నా దగ్గరికి వచ్చినవాళ్లని నేను మొదట అడిగేది ఇదే, "ఇంట్లో ఎవరు చూసుకుంటారు?" అని. ఆవిడే చూసుకుంటే, గుడ్ల డబ్బులు కూడా ఆవిడ చేతికే వెళ్లాలి. అది ముందే మాట్లాడుకోండి.

పిల్లలకి కోడిపిల్ల అంటే ప్రాణం. కానీ అది బొమ్మ కాదు. మొదటి రెండు రోజులు చూడటమే, పట్టుకోవడం వద్దు. తర్వాత కింద కూర్చుని, రెండు చేతుల్లో, ఒక్క నిమిషం. ముద్దులు పెట్టనివ్వకండి. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి. ఆరోగ్యంగా కనిపించే పిల్లల రెట్టలో కూడా సాల్మొనెల్లా ఉండొచ్చు, ఐదేళ్లలోపు పిల్లలకి అది ఇంకా ప్రమాదం. మేత వేయడం, నీళ్లు మార్చడం వాళ్లకి పనిగా అప్పగించండి. ముద్దు చేయడం కన్నా అందులోనే ఎక్కువ నేర్చుకుంటారు.

సంతల్లో, బడి గేటు దగ్గర అమ్మే రంగు పిల్లల్ని మాత్రం కొనొద్దు. చాలావరకు అవి గుడ్ల కోళ్ల హేచరీలకి అక్కర్లేని పుంజు పిల్లలు. రంగులో ముంచి, ఎండలో తిప్పి అమ్ముతారు. పిల్లాడు ఏడ్చాడని ఒకటి కొంటే, రెండు రోజుల తర్వాత పిల్లాడు మళ్లీ ఏడవాలి. అసలు ఒక్క పిల్లని తేవడమే తప్పు. ఒంటరిగా అది వెచ్చగా ఉండలేదు, అరుస్తూనే ఉంటుంది. తక్కువలో తక్కువ ఐదారు, కొత్తవాళ్లయితే పది పదిహేను. మొదటిసారే యాభై వద్దు.

ఇంట్లో పిల్లి, వీధిలో కుక్క, గోడ కింద పందికొక్కు ఉంటాయి. దడి మీద సన్న జాలీ కప్పి రాయి పెట్టండి. ఊక తడవనివ్వకండి. మూడు నుంచి ఆరు వారాల మధ్య వచ్చే రక్త పారుడుకి తడి ఊకే మూలం. రోజూ కలియదిప్పి, తడిసిన చోట తీసేసి కుప్పలో వేయండి. బాగా మాగాక అదే మీ కూరగాయల పాదులకి ఎరువు.

పుంజుల సంగతి ముందే చెప్పండి

రోజు వయసు పిల్లలు కలిపే వస్తాయి. అంటే పదిలో సుమారు సగం పుంజులు. గుడ్ల కోసం తెచ్చుకున్నాక ఆ పుంజులన్నిటినీ ఏం చేస్తారు? ఈ ప్రశ్న ఎవరూ వేసుకోరు. నాలుగు నెలలకి అవి ఒకదాన్నొకటి పొడుచుకుంటుంటే అప్పుడు ఇంట్లో గొడవ. ఒక పుంజు ఉంచుకుంటారా, మిగిలినవి అమ్ముతారా, కోసుకుంటారా అనేది పెట్టె దించిన రోజే తేల్చుకోండి.

పిల్లలకి కూడా నిజమే చెప్పండి. ఆదివారం కోడి వండి "నీ బుజ్జి ఎగిరిపోయింది" అని చెప్పొద్దు. ఆ పిల్లాడు రేపు మిమ్మల్ని నమ్మడు. తిండి ఎక్కడి నుంచి వస్తుందో తెలిసిన పిల్లాడు కంచంలో ముద్ద పారేయడు. ఇంట్లో మాంసం తినకపోతే, పుంజులు ఎవరి ఇంటికి వెళ్తాయో చూపించి చెప్పండి. కోడిపందెం పేరు కథల్లోకెక్కిన పల్నాడు మాది. అయినా బరికి, కత్తికి అని అడిగేవాళ్లకి నేను పిల్లల్ని ఇవ్వను.

అయితే ఎవరు తెచ్చుకోవాలి?

ఆరు వారాలు ఇంటి దగ్గర ఎవరో ఒకరు ఉంటారు అనేవాళ్లు తెచ్చుకోండి. ఆ మధ్యలో పెళ్లి ఉన్నా, తీర్థం ఉన్నా, కోతలు ఉన్నా ఆ పెట్టె వాయిదా వేయండి. అంత తీరిక లేదు కానీ కోళ్లు కావాలి అంటే, ఆ వయసుకి పడాల్సిన టీకాలు పడిన ఐదారు వారాల పిల్లల్ని కొనుక్కోండి. ధర ఎక్కువే, కానీ చచ్చిపోయిన చిన్నపిల్లల ఖరీదు కూడా లెక్క వేస్తే ఎక్కువ కాదు. నా దగ్గరే కొనాల్సిన పని లేదు, మీకు దగ్గర్లో ఎవరున్నా సరే. టీకాల చీటీ అడిగి తీసుకోండి.

ప్రకృతి వ్యవసాయం అంటే చేతులు దులుపుకోవడం కాదని పొలంలో మనమే అందరికీ చెప్తాం. మల్చింగ్ లేకుండా, దేశవాళీ విత్తనం లేకుండా, రోజూ పొలం గట్టు తిరగకుండా పంట రాదని చెప్తాం. అదే మాట పెరట్లో కూడా నిలబెట్టుకుందాం. తల్లిని తీసేసి పిల్లని మాత్రమే కొన్నాం కాబట్టి, ఆ ఆరు వారాల తల్లి పని మనదే.

బల్బు కట్టే పద్ధతి, లసోటా చుక్క వేసే పద్ధతి వీడియోలో ఉన్నాయి. ఒకటికి రెండుసార్లు చూసి, ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకుని, అప్పుడు పెట్టెకి చెప్పండి. నా మాటతో ఒప్పుకోని వాళ్లు ఉంటే వాళ్లూ చెప్పండి, మాట్లాడుకుందాం.